సూర్యరశ్మితో ఉప్పునీటి నుంచి తాగునీరు: ఆవిరి పలకలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆవిరి పలక అంటే ఏమిటి? మామూలు సోలార్ స్టిల్‌కూ దీనికీ తేడా ఎక్కడ?

మామూలు సోలార్ స్టిల్ అంటే అడుగున నల్లరంగు వేసిన తొట్టి, పైన వాలుగా గాజు. ఎండ నీళ్లలోంచి దిగి అడుగును వేడి చేస్తుంది, అడుగు తొట్టిలోని నీళ్లన్నిటినీ వేడి చేస్తుంది, ఆ తర్వాతే ఆవిరి బాగా లేస్తుంది. ఐదు సెంటీమీటర్ల లోతున నీళ్లు పోస్తే చదరపు మీటరుకు 50 లీటర్లు. వాటిని 25 డిగ్రీల నుంచి 55కు తేవడానికే సుమారు 1.7 కిలోవాట్-గంటల వేడి పోతుంది. అందుకే ఇలాంటి స్టిల్ పొద్దున్నంతా వేడెక్కుతూనే ఉంటుంది, మధ్యాహ్నం దాటాక గానీ నీళ్లు సరిగా రావు.

ఆవిరి పలక ఈ వరసను మారుస్తుంది. నల్లటి, తడిని పీల్చే పలచని పొర నీటి పైన ఉంటుంది. దాని కింద వేడిని దిగనివ్వని తేలికపాటి పలక తేలుతూ ఉంటుంది. కింది నీళ్లు వత్తుల ద్వారా కొద్దికొద్దిగా పైకి ఎక్కుతాయి. ఎండ వేడి చేసేది పై పొరలోని కాసిని నీళ్లనే కాబట్టి సూర్యుడు వచ్చిన నిమిషాల్లోనే ఆవిరి మొదలవుతుంది, మబ్బు పట్టి మళ్లీ తెరిపిచ్చినా వెంటనే అందుకుంటుంది.

ఇది కొత్త ఆలోచనేనా?

ఎండతో నీటిని శుద్ధి చేయడం పాతదే. 1872లో చిలీలోని లాస్ సాలినాస్‌లో చార్లెస్ విల్సన్ అనే ఇంజినీరు సుమారు 4,700 చదరపు మీటర్ల స్టిల్ కట్టి రోజుకు దాదాపు 23,000 లీటర్ల మంచినీళ్లు తీశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మరియా టెల్కెస్ లైఫ్ రాఫ్టుల కోసం గాలి ఊది ఉబ్బించే ప్లాస్టిక్ స్టిల్‌ను రూపొందించారు. వేడిని పై పొరకే పరిమితం చేయడం మీద పరిశోధన ఊపందుకున్నది 2014లో. ఆ ఏడు అమెరికాలోని ఎంఐటీలో గాంగ్ చెన్ బృందం కార్బన్ ఫోమ్ మీద విచ్చుకున్న గ్రాఫైట్ పొర వేసి, సాధారణ ఎండకు పది రెట్ల వెలుతురులో 85 శాతం వేడిని ఆవిరిగా మార్చి చూపింది. 2018లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో గుయిహువా యూ బృందం పాలీవినైల్ ఆల్కహాల్, పాలీపైరోల్ కలిపిన జెల్‌తో ఒక్క ఎండలోనే, అంటే సాధారణ ఎండలోనే, గంటకు చదరపు మీటరుకు 3.2 కిలోల ఆవిరిని నమోదు చేసింది.

ఒక చదరపు మీటరుకు గంటకు ఎన్ని నీళ్లు రావడం సాధ్యం?

లెక్క సులువు. నడిమధ్యాహ్నపు నిండు ఎండను ప్రయోగశాలల్లో చదరపు మీటరుకు 1,000 వాట్లుగా తీసుకుంటారు. దీన్నే ‘ఒక్క ఎండ’ అంటున్నాం. అది గంటకు 3,600 కిలోజౌళ్లు. 40 డిగ్రీల దగ్గర కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల గుప్తోష్ణం కావాలి. భాగిస్తే 1.5 కిలోలు. అంటే లీటరుకు 0.67 కిలోవాట్-గంటలు. ఈ ఒక్క అంకె గుర్తుంటే ఏ పరికరం గురించి ఎవరు ఏం చెప్పినా మీరే సరిచూసుకోవచ్చు.

మరి 3 కిలోలు, 4 కిలోలు అని చెప్పే పదార్థాలు ఉన్నాయి కదా?

ఉన్నాయి. ఆ కొలతల్లో చాలావరకు నిజాయితీగా తీసుకున్నవే. అయితే అవి దేన్ని కొలుస్తున్నాయో చూడాలి.

మొదటిది పక్క గోడలు. పొడుగ్గా నిలబడ్డ స్పాంజి లాంటి నమూనాలో ఎండ పడని పక్కలు కూడా తడిగా ఉంటాయి. అవి గది గాలి కంటే చల్లబడి, గాలి నుంచే వేడి లాక్కుని నీటిని వదులుతాయి. తడి బట్ట నీడలో ఆరినట్టే ఇది. కానీ లెక్క వేసేటప్పుడు పైభాగపు వైశాల్యంతోనే భాగిస్తారు కాబట్టి అంకె పెరుగుతుంది. చీకట్లో జరిగే ఆవిరిని విడిగా కొలిచి తీసేసినా ఇది పూర్తిగా పోదు, ఎందుకంటే ఎండ పడినప్పుడు పక్కల ఉష్ణోగ్రత కూడా మారుతుంది.

రెండోది, జెల్ లోపలి నీరు పాలిమర్ గొలుసులకు అంటి ఉండటం వల్ల తక్కువ వేడికే ఆవిరవుతుందన్న వివరణ. దీని మీద పరిశోధకుల మధ్య వాదన ఇంకా నడుస్తోంది.

తాగునీటి కోసం చూసేవారికి అసలు సంగతి వేరు. ఆ అంకెలన్నీ మూత లేని పాత్ర మీద, పొడి గాలిలో, బరువు తగ్గడాన్ని చూసి తీసినవి. మీకు ఆవిరి కాదు, నీళ్లు కావాలి. మూత పెట్టగానే లోపల గాలి తేమతో నిండిపోతుంది, పక్క గోడలు బయటి గాలి నుంచి వేడి తీసుకోలేవు. తెరిచి ఉన్నప్పుడు 3 కిలోలు చూపిన పలక గాజు కింద చాలాసార్లు కిలో నీళ్లు కూడా ఇవ్వదు. కాబట్టి పదార్థం గొప్పదో కాదో చెప్పే కొలత ఒక్కటే: రోజు చివర సీసాలో పడిన లీటర్లు.

నిజంగా రోజుకు ఎన్ని లీటర్లు ఆశించవచ్చు?

రోజుకు చదరపు మీటరుకు 5.5 కిలోవాట్-గంటల ఎండ పడే చోట, ఒకే అంతస్తు (వేడిని ఒక్కసారే వాడుకునే), జాగ్రత్తగా కట్టిన పెట్టెలో 35 నుంచి 45 శాతం సామర్థ్యం వస్తుంది. అంటే చదరపు మీటరుకు సుమారు 3 నుంచి 3.7 లీటర్లు. ఒక మనిషి తాగడానికి రోజుకు చదరపు మీటరు అనుకుంటే లెక్క తప్పదు. వంటకు, గిన్నెలకు కూడా ఇదే నీళ్లు కావాలంటే వైశాల్యం చాలా పెరుగుతుంది. ఆ పనికి ఇది సరైన పద్ధతి కాదు.

మీ పెట్టె సామర్థ్యం లెక్క ఇలా: వచ్చిన లీటర్లను 0.67తో గుణించి, ఆ రోజు పెట్టె మీద పడిన మొత్తం ఎండతో భాగించాలి. అర చదరపు మీటరు పెట్టె, 5.5 కిలోవాట్-గంటల రోజు, 1.5 లీటర్లు వచ్చాయనుకుందాం. వాడిన వేడి 1.0, పడిన ఎండ 2.75, సామర్థ్యం 36 శాతం.

మిగతా 60 శాతం వేడి ఎక్కడికి పోతోంది?

గాజు దగ్గరే పది, పదిహేను శాతం పోతుంది, కొంత ప్రతిఫలించి, కొంత గాజులోనే ఇంకి. పలక నుంచి గాజుకు ఉష్ణవికిరణం, గాలి కదలిక ద్వారా ఇంకొంత. 40 డిగ్రీల నల్లటి పొర 25 డిగ్రీల పరిసరాలకు వికిరణంతోనే చదరపు మీటరుకు 97 వాట్లు, అంటే నిండు ఎండలో పదో వంతు వదిలేస్తుంది. కిందికి పోయే వేడి వత్తులు ఎంత మందంగా ఉన్నాయో దాన్ని బట్టి ఉంటుంది. అన్నిటికంటే బాధ కలిగించే నష్టం అతుకుల్లోంచి పోయే ఆవిరి. అప్పటికే వేడి ఖర్చయిపోయింది, నీళ్లు మాత్రం చేతికి రాలేదు.

నల్ల పొరకు ఏ పదార్థం మంచిది?

ఇంట్లోనో బడిలోనో మొదలుపెట్టేవారికి కార్బన్ పట్టించిన నూలు ఫెల్ట్ చాలు. కార్బన్ ఫెల్ట్ ఇంకా మన్నికైనది. కాకపోతే కొత్తది నీళ్లను పీల్చదు. గాలి ఆడే కొలిమిలో 400 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే ఉపరితలం మారి తడుస్తుంది. కర్రను పీచుకు అడ్డంగా 15 నుంచి 20 మిల్లీమీటర్ల బిళ్లలుగా కోసి, ఒక ముఖాన్ని బాగా కాలిన ఇనప పెనం మీద అదిమి బొగ్గు పట్టిస్తే అదీ పనిచేస్తుంది. చెట్టు నీళ్లు తోడుకున్న నాళాలే ఇక్కడ వత్తులవుతాయి.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. బజారులో దొరికే నల్ల బట్ట కంటికి నల్లగానే ఉంటుంది, ఎండకు అంత నల్లగా ఉండదు. సూర్యరశ్మి శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణంలో ఉంటుంది. బట్టలకు వేసే నల్ల అద్దకాలు చాలావరకు దాన్ని తిప్పికొడతాయి. కార్బన్ మాత్రం రెంటినీ పీల్చుకుంటుంది. అద్దకపు బట్ట తీసి కార్బన్ పొర పెట్టగానే నీళ్లు పెరగడానికి కారణం ఇదే.

బంగారు నానోకణాలు, గ్రాఫీన్ ఆక్సైడ్, కార్బన్ నానోట్యూబులు, మాక్సీన్ (MXene, అతి పలచని లోహ కార్బైడ్ రేకులు) లాంటివి పరిశోధనకు విలువైనవే. మంచి కార్బన్ పొర 95 శాతం వెలుతురును పీల్చుకుంటుంటే, ఖరీదైన పదార్థం తెచ్చేది ఇంకో రెండు మూడు శాతం. మాక్సీన్ తడిలో గాలి తగిలి క్రమంగా ఆక్సీకరణ చెంది పాడవుతుంది. తాగునీటి పెట్టెలో దానికి చోటు లేదని మా అభిప్రాయం.

కార్బన్ ఫెల్ట్ దొరక్కపోతే నూలు గుడ్డకు కార్బన్ పట్టించడం ఎలా?

అర చదరపు మీటరుకు సరిపడే కొలతలు ఇవి.

గుడ్డను ముందు లీటరు నీటికి 10 గ్రాముల చాకలి సోడా చొప్పున వేసి 40 నిమిషాలు మరిగించండి. నూలు మీద సహజంగా ఉండే మైనం, నేతలో పెట్టిన గంజి పోతాయి. ఈ మెట్టు వదిలేస్తే గుడ్డ మధ్యలో పొడి మచ్చలు మిగిలిపోతాయి. బాగా జాడించి, ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. రెండు సెకన్లలో ఇంకిపోవాలి.

190 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) పొడి వేసి, 90 డిగ్రీల దగ్గర గంటకు పైగా కలుపుతూ కరిగించండి. 99 శాతం హైడ్రోలైజ్ అయిన రకమే కొనాలి. 88 శాతం రకం, మామూలు తెల్ల జిగురు తడిలో మళ్లీ కరిగిపోతాయి. చల్లారాక 4 గ్రాముల కార్బన్ బ్లాక్ కలపండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి ముక్కుకు సరైన మాస్కు పెట్టుకుని, పొడి ఎగిరేలా గాలి వీచని చోట, ముందే కొంచెం నీళ్లతో ముద్ద చేసుకుని కలపాలి. దీపం మసి, పొగగొట్టపు మసి వాడొద్దు. వాటిలో పూర్తిగా కాలని, హానికరమైన నూనె పదార్థాలు ఉంటాయి.

ఈ ద్రవాన్ని గుడ్డకు ఒకవైపు మాత్రమే పలచగా పూసి ఆరబెట్టండి. తర్వాత 140 నుంచి 150 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడిపట్టించండి, ఓవెన్‌లో గానీ ఇస్త్రీపెట్టెతో గానీ. అప్పుడు పీవీఏ గట్టిపడి నీళ్లలో కరగదు. చివరగా నీళ్లు నల్లబడటం ఆగేదాకా జాడించాలి, రెండు రోజుల్లో నాలుగైదు సార్లు నీళ్లు మారుస్తూ. పూత మందమైతే గుడ్డ రంధ్రాలు మూసుకుపోయి ఆవిరి తగ్గుతుంది. రెండో పూత వేయాలనిపిస్తే ముందు చుక్క పరీక్ష మళ్లీ చేసి చూడండి.

జెల్ తయారు చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. 10 శాతం పీవీఏ ద్రావణంలో అర శాతం కార్బన్ కలిపి, పళ్లెంలో పోసి, మైనస్ 20 డిగ్రీల దగ్గర ఎనిమిది నుంచి పన్నెండు గంటలు గడ్డకట్టించి, గది వేడిలో నాలుగు గంటలు కరగనివ్వాలి. ఈ వరస మూడు నుంచి ఐదు సార్లు తిరిగితే రబ్బరులాంటి జెల్ వస్తుంది. పరిశోధన పత్రాల్లో జెల్‌ను గట్టిపరచడానికి వాడే గ్లుటరాల్డిహైడ్ విషపూరితం. తాగునీటి పనికి గడ్డకట్టించే పద్ధతే నయం. దీనికో బలహీనత ఉంది. నీళ్లు అందక జెల్ 60, 70 డిగ్రీలు దాటితే మెత్తబడి కరగడం మొదలవుతుంది. వత్తి ఎండిపోకుండా చూసుకోగలిగినవారికే ఇది.

పెట్టె కొలతలు, అమరిక చెప్పండి.

తొట్టి లోపలి కొలత 100 × 50 సెంటీమీటర్లు, అర చదరపు మీటరు. స్టీలు గానీ, ఆహారానికి పనికివచ్చే గట్టి ప్లాస్టిక్ గానీ. ముందు గోడ కంటే వెనక గోడ 13 సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉంటే గాజు 15 డిగ్రీల వాలులో నిలుస్తుంది. వాలు పది డిగ్రీల కంటే తగ్గితే గాజు కింద చేరిన చుక్కలు జారకుండా తిరిగి తొట్టిలోనే రాలతాయి. పల్లం వైపు భూమధ్యరేఖ దిక్కుకు చూడాలి. తొట్టి అడుగున, పక్కల బయటివైపు 4 సెంటీమీటర్ల థర్మోకోల్.

నీళ్లు 3 సెంటీమీటర్ల లోతు, అంటే 15 లీటర్లు. వాటి మీద 2 సెంటీమీటర్ల మందం థర్మోకోల్ పలక, చుట్టూ సెంటీమీటరు ఖాళీతో తేలాలి. పలకలో ప్రతి 10 సెంటీమీటర్లకు 3 మిల్లీమీటర్ల వెడల్పున చీలికలు కోసి, వాటిలోంచి నూలు గుడ్డ పట్టీలు రెండు మడతలుగా కిందికి దించి నీళ్లలో మునగనివ్వండి. పై చివరలు పలక మీద పరిచి, వాటి మీద నల్లగుడ్డ పరవాలి. మధ్యలో గాలి బుడగలుండకూడదు, గుడ్డ పట్టీలకు అంతటా ఆనాలి. గుడ్డ అంచు తొట్టి గోడనుగానీ, మంచినీటి కాలువనుగానీ తాకితే ఉప్పునీళ్లు దాని వెంట పాకి మంచినీళ్లలో కలుస్తాయి. రెండు సెంటీమీటర్లు దూరం ఉంచండి.

గాజు 4 మిల్లీమీటర్లది. లోపలివైపు సబ్బుతో కడిగి జిడ్డు పోగొట్టాలి. శుభ్రమైన గాజు మీద నీరు పలచటి పొరగా జారుతుంది. జిడ్డు ఉంటే, లేదా గాజుకు బదులు ప్లాస్టిక్ షీటు వేస్తే, ముత్యాల్లా నిలిచిన చుక్కలు ఎండను వెనక్కి తిప్పికొడతాయి. గాజు పల్లపు అంచు కింద స్టీలు కాలువ, మీటరుకు సెంటీమీటరు వాలుతో. దాని చివర ఆహారానికి పనికివచ్చే సిలికాన్ గొట్టం. గొట్టాన్ని ఒక వంపు తిప్పి సీసాలోకి దించితే వంపులో నిలిచిన నీళ్లు ఆవిరి బయటికి పోకుండా అడ్డుకుంటాయి.

అతుకులకు వాసన లేని న్యూట్రల్ క్యూర్ సిలికాన్ వాడాలి. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. వారం ఆరనిచ్చి, మొదటి మూడు రోజుల నీళ్లు పారబోయండి. ఇత్తడి, జింకు పూత ఉన్న రేకు, సీసం కలిసిన టంకం మంచినీటి దారిలో ఎక్కడా ఉండకూడదు. ఖనిజాలు లేని నీళ్లు వీటిని తొందరగా తినేస్తాయి.

పలక మీద ఉప్పు తెల్లగా పేరుకుంటోంది. ఎందుకు?

ఇదే ఈ పద్ధతిలోని అసలు చిక్కు, అందుకే కాస్త వివరంగా.

సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. గంటకు చదరపు మీటరు నుంచి 1.4 లీటర్లు ఆవిరైతే 49 గ్రాముల ఉప్పు పై పొరలో మిగిలిపోతుంది. అది వత్తుల గుండానే తిరిగి కిందికి దిగాలి. నిశ్చలంగా ఉన్న నీటిలో ఉప్పు వ్యాపించే వేగం చాలా తక్కువ. 2 సెంటీమీటర్ల పొడవు వత్తిలో, పైన ఉప్పు గడ్డకట్టే హద్దు దాకా గాఢత పెరిగినా, వత్తి చదరపు మీటరుకు గంటకు దిగేది సుమారు 80 గ్రాములే. అంటే 49 గ్రాములు దిగాలంటే వత్తుల అడ్డుకోత పలక వైశాల్యంలో ఐదింట మూడు వంతులు ఉండాలి. పైన చెప్పిన చీలికలు మూడు శాతమే.

పోనీ వత్తులు పెంచుదామంటే వేడి కిందికి పారిపోతుంది. ఐదింట మూడు వంతులు నీళ్లు నిండిన వత్తులే అయితే, పైకీ కిందికీ 15 డిగ్రీల తేడాకు చదరపు మీటరుకు 270 వాట్లు నష్టం. ఉప్పును దిగనిచ్చే దారే వేడినీ దిగనిస్తుంది.

దీనికి మూడు మార్గాలున్నాయి. పగలు పేరుకున్న ఉప్పు రాత్రి కరిగిపోయేలా వదిలేయడం మొదటిది. ఆవిరి ఆగాక రాత్రంతా కొద్దికొద్దిగా దిగుతుంది. మూతపెట్టిన పెట్టెలో ఆవిరి వేగం సగమే కాబట్టి పేరుకునే ఉప్పు కూడా తక్కువే. రెండోది, పలకలో 2, 3 మిల్లీమీటర్ల నిలువు రంధ్రాలు అక్కడక్కడా వేయడం. బరువైన గాఢ ఉప్పునీరు పెద్ద రంధ్రాల్లోంచి తనంతట తానే కిందికి జారి, తేలిక నీరు పైకి వస్తుంది. ఈ ప్రవాహం వ్యాపనం కంటే ఎన్నో రెట్లు వేగం. మూడోది, నీళ్లు ఒక వైపు నుంచి ఎక్కి, గుడ్డ వాలు వెంట నడిచి, అవతలి అంచున గాఢ ఉప్పునీటిగా బొట్లు బొట్లుగా కారిపోయే ఏర్పాటు. ఇందులో ఆవిరయ్యే నీటికి రెట్టింపైనా నీళ్లు నడవాలి.

ఉప్పు అంచుల్లోనే పేరుకుంటే గాబరా పడకండి. మధ్య భాగం నల్లగా ఉన్నంతకాలం పని సాగుతున్నట్టే. మధ్యలోనే తెల్లబడితే వత్తులు అందడం లేదు.

తొట్టిలో నీళ్లు ఎప్పుడు మార్చాలి?

రోజూ 1.5 లీటర్లు తీసి అంతే సముద్రపు నీళ్లు పోస్తూ పోతే రోజుకు 52 గ్రాముల ఉప్పు తొట్టిలో చేరుతుంది. పది రోజుల్లో గాఢత రెట్టింపై లీటరుకు 70 గ్రాములవుతుంది. అప్పుడు మొత్తం పారబోసి కొత్తవి నింపండి. ఉప్పదనం తక్కువున్న బోరు నీళ్లయితే నెలకోసారి చాలు. కాకపోతే వాటిలో సున్నం పొర కడుతుంది. కార్బొనేట్ పొరను 5 శాతం వెనిగర్‌లో గంట నానబెడితే పోతుంది. జిప్సం అయితే వెనిగర్‌కు కరగదు, గుడ్డ మార్చడమే దారి.

గాజు నిండా తేమే, సీసాలో మాత్రం నీళ్లు లేవు. కారణం?

వాలు, కాలువ, అతుకు, ఈ మూడూ వరసగా చూడండి. కాలువ అంచు గాజుకు మరీ దూరంగా ఉంటే నీళ్లు గోడ వెంట దిగి తొట్టిలోకే పోతాయి. రాత్రిపూట గాజు అంచుల చుట్టూ బయటివైపు తేమ కనిపిస్తే అక్కడ ఆవిరి కారుతోంది. రెండూ బాగుంటే గాజు వేడెక్కిపోతోందేమో చూడాలి. ఆవిరి నీరుగా మారాలంటే పలక కంటే గాజు చల్లగా ఉండాలి, ఆ తేడా ఎంత ఎక్కువుంటే అంత మంచిది. గాజు మీద గాలి ఆడేలా పెట్టెను గోడకు దూరంగా ఉంచండి.

వచ్చిన నీళ్లు నేరుగా తాగవచ్చా?

ఉప్పు, ఫ్లోరైడ్, ఆర్సెనిక్, నైట్రేట్, సీసం లాంటి లోహాలు ఆవిరితో రావు. సూక్ష్మజీవులు కూడా వెనకే ఉండిపోతాయి. ఆవిరితో కలిసి వచ్చేవి వేరే ఉన్నాయి: పెట్రోలు, కిరోసిన్, బెంజీన్, క్లోరోఫామ్, అమ్మోనియా, కొన్ని పురుగుమందులు. ఇవి నీటికంటే తేలిగ్గా ఎగిరి ముందుగా గాజు మీదికి చేరతాయి. మురుగు, పరిశ్రమల వ్యర్థాలు, ఇంధనం కలిసిన నీటికి ఈ పెట్టె వాడకూడదు. అనుమానం కొద్దిగానే ఉంటే నీళ్లు పోశాక గంటసేపు మూత తీసి ఎండలో ఉంచి, వచ్చిన నీటిని ఉత్తేజిత బొగ్గు వడపోతలోంచి పంపండి.

రెండో ముప్పు, శుభ్రంగా వచ్చిన నీళ్లు కాలువలో, సీసాలో మళ్లీ కలుషితం కావడం. సోలార్ స్టిల్ నీళ్లలో క్లోరిన్ ఉండదు, ఒక్క మురికి చెయ్యి తగిలితే చాలు. నిల్వ చేసేటట్టయితే 20 లీటర్లకు 5 శాతం సోడియం హైపోక్లోరైట్ 0.4 మిల్లీలీటర్లు, అంటే ఎనిమిది చుక్కలు కలపండి. లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ అవుతుంది. అరగంట ఆగి తాగవచ్చు. సువాసన కలిపిన బ్లీచ్ వద్దు.

టీడీఎస్ మీటరు చూపితే చాలదా?

చాలదు. అది కరిగిన లవణాలనే చెబుతుంది. మంచి పెట్టెలో 20 లోపు రావాలి. ఒక్కసారిగా 100 దాటితే ఉప్పునీళ్లు చిందుతున్నాయి, లేదా గుడ్డ అంచు ఎక్కడో తాకుతోంది. దాన్ని పట్టుకోవడానికి చక్కటి ఉపాయం: తొట్టి నీళ్లలో తిండికి వాడే ముదురు రంగు కలపండి. రంగు ఆవిరి కాదు. సీసాలో లేత రంగు కనిపించిందంటే దారి ఎక్కడో కలిసిపోయినట్టే. సూక్ష్మజీవులకూ ఎగిరే రసాయనాలకూ ప్రయోగశాల పరీక్షే ఆధారం.

ఖనిజాలు లేని నీళ్లు తాగితే ఇబ్బందా?

రోజూ సరైన తిండి తినేవారికి ఇబ్బంది లేదు, రుచి మాత్రం చప్పగా ఉంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలవడంతో నీటికి కొద్దిగా ఆమ్ల గుణం వస్తుంది. శుభ్రం చేసిన సున్నపురాయి గుళికల గుండా నిదానంగా పోనిస్తే కాల్షియం చేరి రుచి వస్తుంది, గొట్టాలనూ తినదు.

కొన్నాళ్లకు పాచి వాసన వస్తోంది.

నూలుకు పాచి, బూజు పడుతుంది, ముఖ్యంగా మబ్బు రోజుల్లో. గుడ్డను తీసి మరిగే నీటిలో పది నిమిషాలు ఉంచి ఎండలో ఆరబెట్టండి. గుడ్డ పీచు పీచుగా రాలుతుంటే మార్చేయాలి. ప్లాస్టిక్ వాసన వస్తే కారణం వేరు: తొట్టి ఎండిపోయి పలక వేడెక్కింది. నీళ్లు లేని నల్ల పొర గాజు కింద 90 డిగ్రీలు దాటగలదు, థర్మోకోల్ అంతకుముందే మెత్తబడుతుంది. ఊరెళ్లేటప్పుడు పెట్టె మీద తెల్లగుడ్డ కప్పి వెళ్లండి.

నీళ్లు ఇంకా పెరగాలంటే ఏం చేయాలి?

పదార్థం మార్చడం కంటే గుప్తోష్ణాన్ని మళ్లీ వాడుకోవడం మేలు. ఆవిరి నీరుగా మారేటప్పుడు లీటరుకు 0.67 కిలోవాట్-గంటల వేడిని తిరిగి వదులుతుంది. మామూలు పెట్టెలో అది గాజు మీంచి గాలిలో కలుస్తుంది. దాన్ని పలచని లోహపు రేకు మీద పట్టి, ఆ రేకు వెనకే ఇంకో తడిగుడ్డ పెడితే అదే వేడి రెండోసారి ఆవిరి చేస్తుంది, ఆ వెనక మూడోది. 2020లో ఎంఐటీ, షాంఘై జియావో టోంగ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు పది అంతస్తులతో గంటకు చదరపు మీటరుకు 5.78 లీటర్లు, అంటే 385 శాతం సామర్థ్యం సాధించారు. అందులో వాడిన వత్తి మామూలు పేపర్ టవలే.

సొంతంగా చేసేవారు రెండు మూడు అంతస్తులతో ఆగడం మంచిది. గుడ్డకూ ఎదుటి రేకుకూ మధ్య ఖాళీ 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉండాలి. పెరిగితే ఆవిరి దాటడం కష్టమవుతుంది, తగ్గితే గుడ్డ ఉబ్బి రేకును తాకి ఉప్పు కలుస్తుంది. ప్రతి అంతస్తుకూ విడి కాలువ పెట్టి, నీళ్లను విడివిడిగా టీడీఎస్ చూడండి. ఒకటి చెడితే ఏదో వెంటనే తెలుస్తుంది.

సోలార్ ప్యానెల్‌తో ఆర్ఓ నడపడం మేలు కాదా?

మరమ్మతు చేసే మనిషి, విడిభాగాలు, ముందుశుద్ధి ఉన్నచోట మేలే. పెద్ద ప్లాంట్లు వెయ్యి లీటర్ల సముద్రపు నీటిని 3 నుంచి 4 కిలోవాట్-గంటలతో శుద్ధి చేస్తాయి, ఒక్కసారి ఆవిరి చేసే పద్ధతికి అదే నీటికి 670 కావాలి. ఈ తేడాను ఏ నల్ల పదార్థమూ పూడ్చలేదు. ఆవిరి పలక పనికొచ్చేది కరెంటు, పంపు, మెంబ్రేన్ ఏవీ అందని చోట, రోజుకు కొన్ని లీటర్లే కావలసినప్పుడు. లీటరుకు 70 గ్రాములకు మించి ఉప్పున్న నీటికి కూడా ఇది నిలబడుతుంది. అంత గాఢతలో ఆర్ఓకు కావలసిన పీడనం విపరీతంగా పెరుగుతుంది, ఆవిరి వేగం మాత్రం కొద్దిగానే తగ్గుతుంది.